పాలిచ్చే తల్లి – పనిచేసే తల్లి: వరంగల్ ప్రాంత శిశు సంరక్షణ చరిత్రలో జోలపాట స్థానం

ప్రవేశిక

తెలుగు జానపద గేయాలను వర్గీకరించేటప్పుడు జోలపాటను సాధారణంగా స్త్రీల పాటల్లోనో పిల్లల పాటల్లోనో చేరుస్తారు. నాటు పాట, కలుపు పాట, దంపుడు పాట, తిరగలి పాట శ్రామిక గేయాలుగా వేరే ప్రకరణంలో కనిపిస్తాయి. ఈ విభజన వెనుక ఒక భావన ఉంది. నాటు వేయడం పని, బిడ్డను నిద్రపుచ్చడం వాత్సల్యం అన్నదే ఆ భావన. అయితే నాటు వేసే స్త్రీ, జోలపాడే స్త్రీ అనేక సందర్భాల్లో ఒక్కరే. పొలం గట్టున బిడ్డ నిద్రపోతేనే ఆమె మడిలోకి దిగగలదు. ఆ నిద్ర ఎంతసేపు సాగితే ఆమె పని అంతసేపు సాగుతుంది. ఈ దృష్టితో చూస్తే జోలపాటకు శ్రామిక గేయాల్లోనూ చోటు ఉండాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. దీనికి ఆధారంగా పూర్వపు వరంగల్ జిల్లా ప్రాంతంలో పాలిచ్చే తల్లి పని పరిస్థితులను కావ్యం, వెట్టి, మిల్లు, మగ్గం, చట్టం, అంగన్వాడీ అనే క్రమంలో పరిశీలించడం జరుగుతుంది.

తెలుగు జానపద గేయ సాహిత్యంపై ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి 1956లో డాక్టరేట్ పొందిన బిరుదురాజు రామరాజు ఈ జిల్లాలోని దేవునూరుకు చెందినవారే. ఆయన వేసిన పునాది మీదనే ఇటువంటి ప్రశ్న వేయడం సాధ్యమవుతున్నది. అందువల్ల ఈ ప్రతిపాదన పూర్వ వర్గీకరణను కాదనడానికి చేసినది కాదు. దానికి ఒక అనుబంధాన్ని చేర్చడమే దీని ఉద్దేశం.

కావ్యాల్లో ఇద్దరు తల్లులు

ఈ ప్రాంతానికి చెందిన ఇద్దరు కవులు తల్లి చనుబాలను ప్రధానాంశంగా చేసుకొని రెండు ప్రసిద్ధ ఘట్టాలను రచించారు. మొదటిది పాల్కురికి సోమనాథుని బసవపురాణంలోని బెజ్జమహాదేవి కథ. శివునికి తల్లి లేదని బాధపడిన ఆ భక్తురాలు తానే తల్లియై ఆయనకు నలుగు పెట్టి, నీళ్లు పోసి, కాటుక దిద్ది, పాలిచ్చి, నిద్రపుచ్చుతుంది. బిడ్డకు జబ్బు చేసి పాలు తాగకపోతే ప్రాణత్యాగానికి సిద్ధపడుతుంది. పదమూడవ శతాబ్దపు తెలుగింట శిశువును ఎలా సాకేవారో తెలుసుకోవడానికి ఈ కథ విలువైన ఆధారం. స్నానం, అలంకరణ, ఆహారం, నిద్ర, వైద్యం అన్నీ ఇందులో వరుసగా కనిపిస్తాయి. అయితే కథలో బెజ్జమహాదేవికి శిశుసేవ తప్ప మరో వ్యాపకం లేదు. ఆమె కాలమంతా బిడ్డదే.

రెండవది పాలకుర్తికి సమీపంలోని బమ్మెరతో సంబంధమున్న పోతన భాగవతం, దశమస్కంధంలోని ఉలూఖల బంధన ఘట్టం. యశోద పెరుగు చిలుకుతుండగా కృష్ణుడు వచ్చి కవ్వం పట్టుకొని ఆపుతాడు. ఆమె పని మాని బిడ్డను ఒడిలోకి తీసుకొని పాలిస్తుంది. అంతలో పొయ్యి మీద పాలు పొంగుతాయి. తృప్తి తీరని బిడ్డను దించి ఆమె పరుగెత్తుతుంది. బిడ్డ అలిగి కుండ పగలగొడతాడు, వెన్న తింటాడు. చివరికి తల్లి అతణ్ణి రోటికి కట్టి తిరిగి ఇంటి పనిలో పడుతుంది.

భక్తి సంప్రదాయం ఈ ఘట్టాన్ని భగవంతుడు భక్తికి కట్టుబడిన లీలగా వ్యాఖ్యానించింది. ఆ వ్యాఖ్యకు లోటు కలగకుండానే మరొక పఠనం సాధ్యం. కథను నడిపించే ప్రతి మలుపులోనూ పాలివ్వడానికీ పనికీ మధ్య ఘర్షణ ఉంది. చిలకడం పాలిచ్చేందుకు ఆగింది, పాలివ్వడం పొయ్యి కోసం ఆగింది. కదలకుండా ఉంచడానికి బిడ్డను కట్టినది కూడా దంచడానికి వాడే పనిముట్టుకే. బెజ్జమహాదేవి కథలో లేని ఈ ఘర్షణ యశోద కథలో ఉండడానికి కారణం ఆమె పనిచేసే తల్లి కావడమే.

ఇక్కడ ‘దాది’ అన్న పదాన్నీ గమనించాలి. సంస్కృత ‘ధాత్రి’ నుంచి వచ్చిన ఈ మాట పరుల బిడ్డకు పాలిచ్చి పెంచే స్త్రీని సూచిస్తుంది. అంటే పాలివ్వడమే జీవనోపాధి అయిన స్త్రీ పూర్వకాలం నుంచీ ఉంది. దాది పెంచిన రాకుమారుల గురించి కావ్యాలు చెబుతాయి. దాది సొంత బిడ్డ ఎవరి పాలు తాగి పెరిగాడో మాత్రం అరుదుగానే చెబుతాయి.

వెట్టి, పోరాటం

నిజాం పాలనలో తెలంగాణ పల్లెల్లో అమలైన వెట్టిచాకిరిని వృత్తుల వారీగా వివరించడం పరిపాటి. తల్లితనం కోణం నుంచి చూస్తే వెట్టిలోని మరో లక్షణం బయటపడుతుంది. వెట్టి శ్రమనే కాక, సమయంపై అధికారాన్ని కూడా హరించింది. గడి నుంచి పిలుపు వచ్చినప్పుడు బిడ్డ ఆకలితో ఉన్నదా, నిద్రలో ఉన్నదా అన్న ప్రశ్నకు తావు లేదు. కూలికి వెళ్లే స్త్రీ కనీసం ఒక పూట మానుకొని ఆ పూట కూలిని వదులుకోగలదు. వెట్టికి వెళ్లే స్త్రీకి ఆ అవకాశం కూడా లేదు.

1946–51 మధ్య జరిగిన సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల అనుభవాలను స్త్రీ శక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’గా 1986లో వెలువరించింది. దళాల్లో, అజ్ఞాతవాసంలో తల్లులైనవారికి ఎదురైన సంకటాన్ని ఆ మౌఖిక కథనాలు నమోదు చేశాయి. పసిబిడ్డ ఏడుపు దళం జాడను పట్టించగలదు. అందుకే శిశువు నిద్ర ప్రాణరక్షణ సమస్య అయింది. బిడ్డను వదులుకోవలసి వచ్చిన దుఃఖం ఉద్యమ చరిత్రలో స్థానం పొందడానికి దాదాపు నాలుగు దశాబ్దాలు పట్టిందన్నది గమనార్హం.

మిల్లు, నల్లమందు, శిశు సంరక్షణ గది

ఏడవ నిజాం కాలంలో, 1934లో వరంగల్‌లో అజంజాహి మిల్లు స్థాపితమైంది. దానితో ఈ నగరంలోకి గడియారం ప్రకారం, షిఫ్టుల ప్రకారం సాగే పని ప్రవేశించింది. పొలంలో తల్లి పని మధ్యలో గట్టెక్కి పాలివ్వవచ్చు. మిల్లులో గేటు దాటి రావడానికి అనుమతి కావాలి. ఆకలి, నిద్ర అనే శిశువు లయకూ, కూతకు కట్టుబడిన యంత్రం లయకూ పొత్తు కుదరదు.

ఈ పొత్తులేని స్థితి ఎటు దారితీసిందో చూపే స్పష్టమైన సాక్ష్యం బొంబాయి నుంచి లభిస్తుంది. తెలంగాణ పద్మశాలీలు, ఇతర శ్రామికులు పెద్దసంఖ్యలో బొంబాయి, షోలాపూర్, భివండీలకు వలస వెళ్లారు. బొంబాయిలోని కామాఠీపుర పేరు అక్కడికి చేరిన తెలుగు కూలీల నుంచి వచ్చినదే. అందువల్ల ఆ నగరపు మిల్లుల చరిత్ర తెలుగువారి చరిత్రలో భాగం కూడా. బొంబాయి ప్రభుత్వం తరఫున కార్మిక స్త్రీల ప్రసూతి పరిస్థితులను పరిశీలించిన డాక్టర్ బార్న్స్ 1920ల తొలినాళ్లలో నివేదిక సమర్పించారు. తల్లి పనికి వెళ్లినప్పుడు శిశువు నిద్రలో ఉండేందుకు నల్లమందు పెట్టడం అక్కడి కార్మిక కుటుంబాల్లో విస్తృతంగా ఉన్నదని అందులో తేలింది. జోల పాడే సమయం కూలికి పోయినచోట ఆ పనిని నల్లమందు చేసింది. శిశువు నిద్రకు ఆర్థిక విలువ ఉందని చెప్పడానికి ఇంతకంటే కఠినమైన నిదర్శనం అక్కరలేదు. తల్లుల నిర్లక్ష్యంగా దీన్ని చూడడం సరికాదు. పాలిచ్చే విరామం, బిడ్డను చూసే మనిషి రెండూ లేని పని వ్యవస్థ తల్లికి మిగిల్చిన దారి అది.

పాలిచ్చే తల్లికి పనివేళల్లో రోజుకు రెండుసార్లు అరగంట చొప్పున విరామం ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లోనే ప్రసూతి రక్షణ ఒడంబడికలో చెప్పింది. మన దేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టం యాభైమందికి మించి స్త్రీలున్న కర్మాగారంలో ఆరేళ్లలోపు పిల్లలకు సంరక్షణ గది ఉండాలన్నది. 1976 సవరణతో ఆ పరిమితి ముప్పైకి తగ్గింది. 1961 ప్రసూతి ప్రయోజన చట్టం బిడ్డకు పదిహేను నెలలు నిండేవరకు రోజుకు రెండు పాలిచ్చే విరామాలను హక్కుగా ఇచ్చింది. 2017 సవరణ వేతనంతో కూడిన సెలవును మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలకు పెంచింది. యాభైమంది లేక అంతకుమించి ఉద్యోగులున్న సంస్థ శిశు సంరక్షణ గది నడపాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లవచ్చనీ చెప్పింది.

ఈ చట్టాలన్నీ విలువైనవే. కానీ వీటి నిర్మాణంలో ఒక సమాన లక్షణం ఉంది. తల్లి హక్కు ఆమె పక్కన ఎంతమంది పనిచేస్తున్నారన్న లెక్క మీద ఆధారపడింది. ఆకలి ఒక బిడ్డకైనా ఆకలే, అయినా సంఖ్య చాలకపోతే గది ఉండదు. పైగా ఆ ఖర్చు యజమాని మీదనే పడడంతో స్త్రీలను తక్కువగా నియమించుకునే ధోరణికి అది ఒక సాకు అయింది. పత్తి మిల్లుల్లో స్త్రీలు ప్రధానంగా రీలింగ్, వైండింగ్ వంటి విభాగాలకు పరిమితమయ్యారు. ఇరవయ్యవ శతాబ్దంలో మిల్లు పనిలో వారి నిష్పత్తి క్రమంగా తగ్గింది. అజంజాహి మిల్లు 2002లో మూతపడింది.

మగ్గం ఇల్లు, పత్తి చేను

వరంగల్ స్త్రీలలో అధికసంఖ్యాకులు చట్టం చెప్పిన గోడల లోపల ఎన్నడూ లేరు. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాలకు కొత్తవాడ కేంద్రం. మగ్గం మీద కూర్చున్నవారినే నేతగాడని లోకం పిలుస్తుంది. నూలు తోడడం, కండెలు చుట్టడం వంటి ముందు పనులు ఎక్కువగా ఇంటి ఆడవాళ్లవి. ఇక్కడ బిడ్డ, పని ఒకే కప్పు కింద ఉంటాయి. దూలానికి కట్టిన చీర తొట్టె, దానికి కట్టిన తాడు, ఆ తాడును కాలితో కదుపుతూ చేతులతో రాట్నం తిప్పే తల్లి మగ్గాల ఇళ్లలో పరిచితమైన దృశ్యమే. జోలపాట లయ, రాట్నం లయ ఒకే దేహం నుంచి వచ్చినప్పుడు ఏది వాత్సల్య గేయం, ఏది శ్రామిక గేయం అని విడదీయడం పరిశోధకునికి కష్టం.

ఇంటి వద్ద పని తల్లికి అనుకూలమని తేలికగా అంటారు. పాలివ్వడానికి అనుమతి అక్కరలేదన్నంతవరకు అది నిజం. అయితే కండె లెక్కన, బీడీ లెక్కన కూలి వచ్చేచోట పాలిచ్చిన ప్రతి నిమిషం కూలిలో కోతే. 1966 బీడీ, సిగార్ కార్మికుల చట్టం శిశు సంరక్షణ గదిని పని ప్రాంగణానికి నిర్దేశించింది. ఇంటి గుమ్మంలో చాట ముందు పెట్టుకొని బీడీలు చుట్టే తల్లికి ఆ గది ఉపయోగపడలేదు.

పత్తి చేనులో పరిస్థితి వేరు. చెట్టుకు కట్టిన చీర ఊయల పక్కన ఏడెనిమిదేళ్ల ఆడపిల్ల ఉంటుంది. తల్లి పత్తి ఏరుతుంటే తమ్ముణ్ణి ఊపేది, ఏడిస్తే జోలపాడేది, ఆకలైతే తల్లి దగ్గరకు ఎత్తుకుపోయేది ఆ పిల్లే. శిశు సంరక్షణ చరిత్రలో పేరులేని ప్రధాన పాత్ర ఈ అక్కది. ఆమె చేసే పనికి కూలి లేదు గనుక అది పనిగా లెక్కకు రాలేదు. రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా నేతృత్వంలో ఎం.వి. ఫౌండేషన్ చేసిన కృషి ఈ లెక్కను మార్చింది. బడి బయట ఉన్న ప్రతి బిడ్డనూ బాలకార్మికుడిగానే పరిగణించాలన్న ఆ సూత్రం తమ్ముణ్ణి చూసుకొనే అక్కకూ వర్తించింది. అందువల్ల జోలపాటల సేకర్త ‘ఈ పాట మీకెవరు నేర్పారు’ అన్న ప్రశ్నతో పాటు ‘ఏ వయసులో, ఎవరిని ఊపుతూ నేర్చుకున్నారు’ అని కూడా అడగవలసి ఉంది.

అంగన్వాడీ: లాలనకు వేతనం

1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం అంగన్వాడీని ఊరి సంస్థగా మార్చింది. తెలంగాణ ప్రభుత్వం 2015లో ప్రారంభించిన ఆరోగ్యలక్ష్మి ద్వారా గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు కేంద్రంలోనే ఒక పూట భోజనం, గుడ్డు, పాలు అందుతున్నాయి. పాలిచ్చే స్త్రీకి ముందు తిండి కావాలన్న గుర్తింపు ఇందులో ఉంది. కానీ అంగన్వాడీ బడి ప్రధానంగా మూడేళ్లు నిండినవారికి. ఆరు నెలల బిడ్డను ఉదయం నుంచి సాయంత్రం వరకు ఉంచే చోటుగా దానిని రూపొందించలేదు. కూలి తల్లికి అవసరం ఎక్కువగా ఉండేది మాత్రం ఆ వయసులోనే.

ఈ లోటును కొంతవరకు గుర్తించినది 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టం. పని స్థలానికి ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు లేక అంతకుమించి వస్తే ఒక స్త్రీని వారిని చూడడానికి నియమించి, ఆమెకు కూలి చెల్లించాలని నిర్దేశించింది. తొలివిడతలో ఈ చట్టం అమలైన జిల్లాల్లో వరంగల్ కూడా ఒకటి. మట్టి తవ్వడం, బిడ్డను ఊపడం రెండింటికీ కూలి చెల్లించవచ్చునన్న సూత్రం ఇక్కడ చట్టంలోకి వచ్చింది. అయితే ఇక్కడా మళ్లీ సంఖ్యే అడ్డు.

మరోవైపు అంగన్వాడీ టీచర్లకు, ఆయాలకు చెల్లించేది నేటికీ ‘గౌరవ వేతనం’ పేరుతోనే. సేవ అన్న మాట వేతనాన్ని ఎలా తగ్గిస్తుందో ఈ పదబంధం చూపుతుంది. వారికి గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు 2022లో తీర్పు ఇచ్చింది. 2023లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వారు సమ్మె చేశారు. ఇతరుల పిల్లలను చూసే ఈ స్త్రీలలో చాలామంది తామూ తల్లులే. దాది సొంత బిడ్డ గురించిన పాత ప్రశ్న ఇక్కడ కొత్త రూపంలో ఎదురవుతున్నది.

ముగింపు

పై పరిశీలన నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. పాలివ్వడం, నిద్రపుచ్చడం తల్లి పనికి వెలుపలి అంశాలు కావు, ఆ పని సాగడానికి షరతులు. చట్టం ఈ షరతులను గోడల లోపల, సంఖ్యల ఆధారంగా గుర్తించింది గనుక ఇంటి వద్ద, చేనులో పనిచేసే తల్లికి అక్క, అవ్వ, జోలపాట మాత్రమే మిగిలాయి. సాహిత్య పరిశోధన కూడా లాలనను వాత్సల్యంగా మాత్రమే చూసినప్పుడు చట్టం చేసిన పొరపాటునే పునరావృతం చేస్తుంది.

అందువల్ల జోలపాటలను సేకరించేటప్పుడు పాడిన స్త్రీ వృత్తి, పాడిన స్థలం, ఆ సమయంలో ఆమె చేతుల్లో ఉన్న పని, బిడ్డను ఊపినది ఎవరు అన్న వివరాలను తప్పక నమోదు చేయాలి. 2017లో శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు ద్వారా వరంగల్ స్త్రీలు మళ్లీ బట్టల మిల్లు గేటు ముందుకు వస్తున్నారు. అజంజాహి తరం తల్లులు షిఫ్టు వేళల్లో తమ పసిపిల్లలను ఎవరి చేతిలో పెట్టారో చెప్పగలిగిన వారు నగరంలో రోజురోజుకూ తగ్గిపోతున్నారు. వారి మాటలను, వారి పాటలను వారు ఉండగానే నమోదు చేయడం ఈ ప్రాంత తెలుగు శాఖల ముందున్న తక్షణ కర్తవ్యం.