క్రిప్టో వాలెట్‌కు ఓటీపీ ఒక్కటే చాలదు.. ఈ సెట్టింగ్ మార్చారా?

నల్గొండలో ఉన్నా, జడ్చర్లలో ఉన్నా ఫోన్‌లో యాప్ ఉంటే చాలు.. క్రిప్టో కొనేయొచ్చు. పోతే తెచ్చుకోవడమే కష్టం. బ్లాక్‌చెయిన్‌లో ఒక్కసారి ట్రాన్స్‌ఫర్ అయిందంటే వెనక్కి తిప్పడం కుదరదు.

టూ-ఫ్యాక్టర్ అథెంటికేషన్ అంటే పాస్‌వర్డ్‌తో పాటు రెండో తాళం. చాలామంది దీనికి ఎస్సెమ్మెస్ ఓటీపీ పెట్టుకుని వదిలేస్తారు. చిక్కంతా అక్కడే! మోసగాళ్లు మీ పేరుతో డూప్లికేట్ సిమ్ తీసుకుంటే ఓటీపీ వాళ్లకే వెళ్తుంది. ఉన్నట్టుండి సిగ్నల్ పోయి ఎంతకీ రాకపోతే అనుమానించాల్సిందే.

అదే గూగుల్ అథెంటికేటర్ లాంటి యాప్ అయితే కోడ్ మీ ఫోన్‌లోనే తయారవుతుంది, 30 సెకన్లకోసారి మారుతుంది. సిమ్‌తో పనిలేదు. ఎక్స్ఛేంజ్ యాప్‌లో సెక్యూరిటీ సెట్టింగ్స్‌కు వెళ్లి దీన్ని ఆన్ చేసుకోవచ్చు. అప్పుడిచ్చే బ్యాకప్ కీని కాగితం మీద రాసి దాచండి, ఫోన్ పోతే అదే దిక్కు. ఇంతా చేసి, ఎవరో కాల్ చేసి అడిగితే కోడ్ చెప్పేస్తే మాత్రం ఏ తాళమూ ఆపలేదు.

మెటామాస్క్, ట్రస్ట్ వాలెట్ లాంటి సొంత వాలెట్ల సంగతి వేరు. అక్కడ సాధారణంగా 12 పదాల సీడ్ ఫ్రేజ్ ఎవరి దగ్గరుంటే డబ్బు వాళ్లదే. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి గ్యాలరీలో, వాట్సాప్‌లో పెట్టొద్దు.

ఇవన్నీ మీ ఖాతాకు మాత్రమే రక్షణ. 2024 జులై 18న వజీర్‌ఎక్స్‌లో సుమారు 23 కోట్ల డాలర్ల క్రిప్టో పోయింది. అది పలువురు ఓకే చేస్తేనే కదిలే మల్టీసిగ్ వాలెట్. పోయింది ఎక్స్ఛేంజ్ వైపు నుంచి కాబట్టి కస్టమర్ల టూ-ఫ్యాక్టర్ అక్కరకు రాలేదు.

డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి.