త్రాసులో కూర్చున్న వైద్యుడు

ఇప్పటికి నాలుగు వందల సంవత్సరాల క్రితం ఇటలీలోని పాదువా నగరంలో ఒక వైద్యుడు త్రాసులో కూర్చుని భోజనం చేసేవాడు. ఆయన పేరు సాంటోరియో సాంటోరియో. ఇంటిపేరూ పెట్టిన పేరూ ఒకటే కావడం చూసి విద్యార్థులు అచ్చుతప్పు అనుకోరాదు! 1561లో జన్మించిన ఈయన 1611 నుంచి 1624 వరకు పాదువా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా ఉన్నాడు.

పైకప్పు నుంచి వేలాడే పెద్ద త్రాసు దండానికి ఆయన ఒక కుర్చీ కట్టించాడు. అందులో కూర్చునే తినేవాడు, తాగేవాడు. తిన్నదీ తాగినదీ తూచేవాడు. మలమూత్రాలను కూడా తూచి వ్రాసుకునేవాడు. ఏళ్ల తరబడి ఈ పని విసుగు లేకుండా సాగించాడు. చివరకు తేలినది విచిత్రం. రోజుకు ఎనిమిది పౌనుల అన్నపానాలు లోపలికి పోతే, వాటిలో సుమారు ఐదు పౌనులు కంటికి కనిపించకుండానే శరీరం నుంచి వెళ్లిపోతున్నాయి. దీనికి ఆయన అగోచర స్వేదమని పేరు పెట్టి, 1614లో లాటిన్ భాషలో ఒక గ్రంథం వెలువరించాడు. వ్యాధులకు మూలం ఈ స్వేదం ఆగిపోవడమే అని ఆయన నమ్మిన మాట నేడు నిలవదు. ఆయన వాడిన త్రాసు మాత్రం నిలిచింది. శరీరధర్మ శాస్త్రంలోకి తూనికను తెచ్చినవారిలో ఆయనే అగ్రగణ్యుడు.

మనం గాలినుంచి ఆమ్లజనిని తీసుకుని బొగ్గుపులుసు వాయువును వదులుతామన్న సంగతి ఆనాడు ఎవరికీ తెలియదు. 1790 ప్రాంతంలో ఫ్రాన్సులో లావోయిజర్, ఆయన సహాయకుడు సెగ్విన్ మళ్లీ త్రాసు పట్టారు. సెగ్విన్ గాలి చొరని పట్టు సంచిలో దూరి, నోటి వద్ద మాత్రం రంధ్రం ఉంచుకున్నాడు. చర్మం ద్వారా పోయేది ఎంతో, ఊపిరి ద్వారా పోయేది ఎంతో ఆ విధంగా వేరుపరచగలిగారు. 1794లో లావోయిజర్ విప్లవకారుల చేతిలో శిరచ్ఛేదానికి గురయ్యాడు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. త్రాసుకు బరువు తెలుసు గాని, ఆ బరువు నీరో కొవ్వో తెలియదు. లీటరు నీరు తాగితే ఆ క్షణానే కిలో పెరుగుతాము. చెమట పట్టి అంత నీరు పోతే అంతా తగ్గుతాము. ఈ తేడా మరచినందువల్ల ప్రాణాలే పోయాయి. 1997 చివరలో అమెరికాలో ముగ్గురు కళాశాల మల్లయోధులు, తక్కువ బరువు తరగతిలో పోటీ చేయాలని నీరు మానుకుని, గాలి చొరని దుస్తులలో వేడిలో కసరత్తు చేసి మరణించారు. 1998లో అక్కడి పోటీల నియమాలు మార్చారు.

నీరు మానడం అటుంచి, ఎక్కువ తాగితే సన్నబడతామనే మాట కూడా పుట్టింది. 1945లో అమెరికా ఆహార పోషణ మండలి పెద్దలకు రోజుకు రెండున్నర లీటర్ల నీరు తగునని చెప్పి, అందులో అధికభాగం వండిన ఆహారంలోనే ఉంటుందని వెంటనే చేర్చింది. లోకం మొదటి వాక్యాన్ని పట్టుకుని రెండవదాన్ని వదలివేసింది. 1967లో స్టిల్‌మన్ అనే వైద్యుడు రోజుకు ఎనిమిది గ్లాసుల నీరు తాగిస్తూ బరువు తగ్గించే పథ్యాన్ని ప్రచారంలోకి తెచ్చాడు.

మధ్యాహ్నం అన్నం మాని సీసాడు చల్లని నీరు తాగే విద్యార్థి ఒకడు, ఆ నీటిని వేడిచేయడానికి కొవ్వు కరగదా అని నన్ను అడిగాడు. చక్కని ప్రశ్న. బల్లమీద లెక్క వేయమన్నాను. అర లీటరు నీరు 500 గ్రాములు. 22 డిగ్రీల నుంచి 37 డిగ్రీలకు రావాలంటే 7,500 కెలోరీలు కావాలి. అయితే ఆహారానికి చెప్పే కెలోరీ దీనికి వెయ్యి రెట్లు పెద్దది. కనుక ఖర్చయ్యేది ఏడున్నర. కిలో శరీరపు కొవ్వులో సుమారు 7,700 పెద్ద కెలోరీలున్నాయి. అంటే వెయ్యికి పైగా సీసాలు! మంచుచల్లని నీరైనా నాలుగు వందలు దాటుతాయి. ఒక్కసారిగా అతిగా తాగితే రక్తంలో సోడియం పలుచబడి ప్రమాదం కూడా. కుర్రవాడు సుద్దముక్క పెట్టేసి భోజనానికి వెళ్లాడు.

2003లో బెర్లిన్ శాస్త్రజ్ఞులు 14 మందిని పరీక్షించి, అర లీటరు నీటివల్ల శరీరంలో దహనం కొంతసేపు 30 శాతం పెరుగుతుందనీ, మొత్తంమీద 24 పెద్ద కెలోరీలు ఖర్చవుతాయనీ ప్రకటించారు. అది ఒక ఇడ్లీలో ఉండే శక్తికన్నా తక్కువే. 2006లో స్విట్జర్లాండులో చేసిన ప్రయోగంలో మామూలు నీటితో ఆ పెరుగుదలైనా కనబడలేదు. 2010లో అమెరికాలోని వర్జీనియాలో, 55 ఏళ్లు దాటినవారు మితాహారంతోపాటు భోజనానికి ముందు అర లీటరు నీరు 12 వారాలు తాగినపుడు, తాగనివారికన్నా సుమారు రెండు కిలోలు ఎక్కువ తగ్గారు. కడుపు ముందే కొంత నిండడంవల్ల తక్కువ తినడం దీనికి కారణం కావచ్చు. మితాహారం లేకుండా నీరొక్కటే ఆ పని చేసిందని ఆ ప్రయోగం చెప్పదు.

మరి కొవ్వు ఏ దారిన పోతుంది? 2014లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులిద్దరు లెక్కగట్టారు. పది కిలోల కొవ్వు పూర్తిగా దహనమైతే 8.4 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా ఊపిరిలో పోతుంది, మిగిలిన 1.6 కిలోలు నీరవుతుంది. సాంటోరియో కంటికి కనిపించని ఐదు పౌనులలో ఇదీ కొంత ఉండి ఉంటుంది. ఉపాధ్యాయులు ఈ ప్రయోగాన్ని విద్యార్థుల చేత ఇంటివద్ద చేయించవచ్చు: రాత్రి పడుకునే ముందు, ఉదయం లేవగానే మూత్రవిసర్జనకు ముందు, ఒకే దుస్తులలో, నూరు గ్రాముల తేడా చూపే త్రాసు మీద తూగి, తగ్గినదెంతో వ్రాసుకుంటే చాలు.