విజయపురి ఛాయాస్తంభములు - కుటుంబస్మృతి చిత్రణము

మాచెర్ల ప్రాంతమున చంద్రవంక నది కొండ అంచునుండి సుమారు 70 అడుగుల లోతునకు దుముకు తావును ఎత్తిపోతల యందురు. నక్కలవాగు, తుమ్మలవాగు నీరు దీనితో కలిసి దిగువ లోయగుండ కృష్ణను చేరును. యతులు తపము చేసిన చోటు గనుక 'యతితపస్స్థలి' యనుమాట ఎత్తిపోతలగా మారినదని స్థలజ్ఞులు చెప్పుదురు. నీటిని ఎత్తి పోయుట యను తెలుగర్థము కంటి కెదురుగ నుండగా సంస్కృతమూలము వెదకుట మాకు అనవసరముగ తోచుచున్నది. అయినను ఆ నిరుక్తిని పారవేయరాదు. జనులు తమ తావును ఎట్లు తలచుకొనగోరిరో అది తెలుపుచున్నది. జరిగినదానికిని తలచుకొన్నదానికిని గల ఈ ఎడమునే, కుటుంబస్మృతులను రూపములుగ మలచిన సందర్భమున, మేమిచట విచారింపబూనితిమి.

ఎత్తిపోతలకు సుమారు 11 కిలోమీటర్ల దూరమున నాగార్జునసాగరము కలదు. ఆ జలాశయము క్రింద మునిగిన లోయయే ఇక్ష్వాకుల రాజధానియగు విజయపురి. 1926లో రంగస్వామి సరస్వతిగారు ఇచటి శిథిలములను గుర్తించిరి. 1927-31 నడుమ లాంగ్‌హర్‌స్టుగారు, 1938లో టి.ఎన్. రామచంద్రన్‌గారు, 1954-60 నడుమ ఆర్. సుబ్రహ్మణ్యంగారు త్రవ్వకములు జరిపిరి. స్తూపములను గూర్చియు, ఆయకస్తంభములను గూర్చియు పండితులు విస్తారముగ వ్రాసిరి. ఛాయాస్తంభములపై అంత శ్రద్ధ నిలువలేదని మా తలంపు.

ఛాయాస్తంభమనగా మరణించినవారి జ్ఞాపకార్థము నిలిపిన పలనాటి సున్నపురాతి కంబము. శిల్పమును, ప్రాకృతశాసనమును ఒకే రాతిపై నుండును. రాజులకే గాక సేనానులకును, భటులకును, శిల్పివర్గమువారికిని ఇట్టివి కలవు. వాసిష్ఠీపుత్ర శ్రీశాంతమూలుడు గతించిన పిమ్మట, అతని కుమారుడగు వీరపురుషదత్తుని 20వ రాజ్యసంవత్సరమున, అతని తల్లులు, తోబుట్టువులు, రాణులు చేరి యొక స్తంభమును నిలిపిరి. రాజజీవితములోని దృశ్యములు దానిపై అంతస్తులుగ చెక్కబడినవి. ఈ రాజునే ఆయకస్తంభశాసనములు అగ్నిష్టోమ, వాజపేయ, అశ్వమేధములు చేసినవాడనియు, కోట్ల హిరణ్యమును, లక్షల గోవులను, లక్షల నాగళ్లను దానమిచ్చినవాడనియు పొగడుచున్నవి. అది రాజ్యము వల్లించుకొన్న పాఠము. ఛాయాస్తంభమున శాంతమూలుని తలచుకొనువారి వరుసయే ప్రధానము. ఎవరికి అతడు కొడుకు, ఎవరికి తోబుట్టువు, ఎవరికి భర్త యను బాంధవ్యములు రాతికెక్కినవి.

దీనికంటెను మమ్ము నిలిపివేసినది మరియొకటి. రుద్రపురుషదత్తుని 11వ రాజ్యసంవత్సరమున, అతని తల్లియగు వర్మభట్టారిక పేర ఒక ఛాయాస్తంభము వెలసెను. ఈ రాజు 4వ రాజ్యసంవత్సరపు శాసనము గురజాలలోనే దొరకుట పలనాటి విద్యార్థులెరిగినదే. ఆమె మహాక్షత్రపుని కూతురు, ఎహువల శాంతమూలుని రాణి. పశ్చిమదేశమునుండి కృష్ణాతీరమునకు కోడలుగ వచ్చిన స్త్రీకి కొడుకు ఏలుబడిలో నిలిచిన గురుతది. చరిత్రకారులు దీనిని ఇక్ష్వాకులకును క్షత్రపులకును గల వివాహసంబంధమునకు ఆధారముగ గ్రహింతురు. ఆ గ్రహించుట సరియే. కాని ఆ కంబము నిలుచుటకు కారణము రాజనీతి కాదు, ఒక తల్లి లేకపోవుట.

'ఛాయ' యను మాటను కొంత పరికింపవలెను. దానికి నీడ, కాంతి, పోలిక యను అర్థములు కలవు. స్తంభముపై నున్నది మనిషి కాదు, మనిషి వేసిన నీడ యను ఎరుక ఆ పేరులోనే యున్నది. పదునాఱు శతాబ్దులు గడచిన తరువాత కెమెరా చిత్రమునకు మనవారు 'ఛాయాచిత్రము' అని పేరు పెట్టుట యాదృచ్ఛికమే కావచ్చును, చక్కని యాదృచ్ఛికము.

అన్ని స్మృతులును రూపమును కోరవు. కారెంపూడిలో కార్తీకమాసపు అమావాస్య మొదలు అయిదు దినములు జరుగు వీరుల ఉత్సవమున, రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అను క్రమములో 12వ శతాబ్దినాటి యుద్ధము మరల నడచును. వంశక్రమమున వచ్చు ఆయుధమును చేబూనుటయు, కథను పాడుటయు అచట జ్ఞాపకమునకు సాధనములు.

విజయపురిలో తలచినవారు వేరు, చెక్కినవాడు వేరు. ఇంటివారు చెప్పగా శిల్పి ఉలి పట్టెను. అతడు ఆ తల్లిని చూచెనో లేదో. తలచువాడే గీయువాడగుట ఆధునికచిత్రకళలోని విశేషము. దీనికి చక్కని నిదర్శనము తెలంగాణమున కలదు. తోట వైకుంఠముగారు 1942లో కరీంనగరు ప్రాంతపు బూరుగుపల్లిలో జన్మించిరి. హైదరాబాదులోను, పిదప బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్‌గారి వద్దను చిత్రకళ నభ్యసించిరి. నల్లని మేను, పెద్ద కుంకుమబొట్టు, ఎఱుపు పసుపు వన్నెల చీరలు గల ఆయన స్త్రీమూర్తులను తెలంగాణ పల్లెకు యథార్థచిత్రములని చాలమంది తలంతురు. కాని వానికి మూలములుగ ఆయన చెప్పినవి రెండు: ఒకటి తల్లి, రెండవది బాల్యమున ఊరికి వచ్చిన నాటకబృందములలో ఆడువేషము కట్టిన మగవారు. కావున ఆ పటములోని స్త్రీ కొంత ఇంటిదియు, కొంత రంగస్థలపుదియు. ఆమెను చూపి నాటి పల్లెటూరి కట్టుబొట్టులను నిర్ణయించు పరిశోధకుడు మోసపోవును. ఒక బాలుడు దేనిని చూచి మఱువలేకపోయెనో తెలిసికొనగోరువానికి మాత్రము అంతకంటె మంచి ఆధారము లేదు. ఆ చిత్రకారుడే బి. నర్సింగరావుగారి 'దాసి' (1988) చిత్రమునకు కళాదర్శకత్వము వహించి జాతీయపురస్కారము పొందుట గమనింపదగినది. అచట జ్ఞాపకము గడీలోని గోడలకును, వస్తువులకును సరిపడవలసి వచ్చెను.

విదేశముల నుండి ఒక్క ఉదాహరణము. పోలెండులోని ఓపటూఫ్ పట్టణమున 1916లో పుట్టి, 1934లో కెనడా చేరిన మేయర్ కిర్షెన్‌బ్లాట్ అను యూదుడు, తన 73వ ఏట కుంచె పట్టి బాల్యమునాటి ఊరిని బొమ్మలుగ గీసెను. ఆ ఊరి యూదజనము యుద్ధములో నశించిపోయిరి. జానపదవిజ్ఞానము చదివిన అతని కూతురు ఏండ్లతరబడి ప్రశ్నలడిగి వ్రాసికొన్నందునను, బొమ్మలు గీయుమని పట్టుపట్టినందునను ఆ పని సాగెను. 2007లో తండ్రి బొమ్మలును మాటలును ఒకే గ్రంథముగ వెలువడినవి.

మరల మన లోయకు వత్తము. 1955 డిసెంబరు 10న ఆనకట్టకు శంకుస్థాపన జరిగెను. 1967 నాటికి నీరు నిలిచెను. అనేక కట్టడములు కొండపైకిని, అనుపునకును తరలింపబడినవి. 1966లో కొండపై ప్రదర్శనశాల తెఱవబడెను. పదునాఱు శతాబ్దుల క్రిందటి కుటుంబముల జ్ఞాపకములు ఆ విధముగ గట్టెక్కినవి. లోయలోని పుల్లారెడ్డిగూడెమువంటి పల్లెల ఇండ్లకు అట్టి యోగము పట్టలేదు. త్రవ్వకములు ముగిసిననాడు పదేండ్ల పిల్లలుగ నుండినవారు కిర్షెన్‌బ్లాట్ కుంచె పట్టిన వయస్సును ఇదివరకే దాటిరి. బావి ఏ ప్రక్కనుండెను, వాకిట ఏ చెట్టుండెను, తల్లి ఎచట కూర్చుండి చెరుగుచుండెను అని అడిగి, వారిచేతనే బొగ్గుతోనైనను గీయించుటకు రంగులును, శిక్షణమును అక్కరలేదు.