రాగి పాత్రయు, మట్టి కుండయు

మల్కాజిగిరిలో మా యింటికి పాలు తెచ్చు అవ్వ ఒకతె కలదు. మేము ఐర్లండు యాత్ర ముగించుకొని వచ్చిన మరునాడు, ఆ దేశమున ఏమేమి చూచితిరని ఆమె అడిగినది. సముద్రతీరములు, పాత కోటలు, పచ్చిక బయళ్లు అన్నియు వర్ణించి, కడపట ఒక పురాతనమైన విస్కీ బట్టీని కూడ చూచి వచ్చితిమని చెప్పితిమి. అవ్వ పాలచెంబు క్రింద పెట్టి, "సారబట్టి సూడనీకి టికెటు గూడ పెట్టిండ్రా సారూ?" అని నవ్వినది.

నిజమే. టిక్కెట్టు పెట్టిరి, మేము కొంటిమి కూడ. కాని ఆ నవ్వు వెనుక ఒక ప్రశ్న ఉన్నది. ఒకచోట దూరదేశముల జనులు వచ్చి చూచు చారిత్రక స్థలమైనది, మరియొకచోట పోలీసుల లాఠీదెబ్బకు పగిలిపోవు కుండగా ఎట్లు మిగిలినది? మద్యపానమును మెచ్చుట మా ఉద్దేశము కాదు. ఆ ప్రశ్నకు చరిత్ర ఇచ్చు సమాధానమును వినిపించుటయే మా ఉద్దేశము.

ఐర్లండు దక్షిణ భాగమున కార్క్ అను నగరము కలదు. దానికి తూర్పున ఇరువది కిలోమీటర్ల దూరములో మిడిల్టన్ అను చిన్న పట్టణము ఉన్నది. డంగోర్నీ అను ఏటి ఒడ్డున బూడిదరంగు రాతితో కట్టిన ఎత్తైన గోడలు దూరమునుండియే కనుపించును. ఈ కట్టడము సారాయి కొరకు పుట్టినది కాదు. పదునెనిమిదవ శతాబ్ది చివర ఉన్నివస్త్రముల మిల్లుగా పుట్టి, నెపోలియనుతో యుద్ధములు జరిగిన కాలమున సిపాయిల బారకాసుగా మారి, 1825లో మర్ఫీ సోదరుల చేతికి వచ్చి విస్కీ బట్టీ అయినది. నూటయేబది సంవత్సరములు పనిచేసి 1975లో ఆగిపోయినది. ఆ ప్రక్కనే కట్టిన క్రొత్త కర్మాగారమునకు పని మారెను. పాత కట్టడమును 1992 నుండి యాత్రికులకు తెరచి ఉంచిరి.

లోపల మొదట మనలను ఆకర్షించునది నీటిచక్రము. 1852లో అమర్చిన ఆ ఇనుప చక్రము నేటికిని తిరుగుచున్నది. దానిని దాటి పోయినచో రాగి పాత్ర ఎదురగును. పాత్ర అనుట కంటె రాగి గోపురము అనుట సమంజసము. 31,618 గ్యాలనులు, అనగా లక్షా నలుబదిమూడు వేల లీటర్లకు పైగా పట్టు ఈ పాత్ర, ఆ రకపు బట్టీపాత్రలలో ప్రపంచమునందెల్ల పెద్దదని ప్రసిద్ధి. నేడది చల్లారి ఉన్నది. చిన్నపిల్లలు దాని ప్రక్క నిలుచుండి ఫోటోలు తీయించుకొనుచున్నారు.

ఇంత చేసి, దాని పని మన పల్లెలలోని కుండ పనియే. బార్లీ గింజలను నానబెట్టి మొలకెత్తించి, ఆరబెట్టి, పిండిచేసి, వేడినీట కలిపి, ఆ తియ్యని నీటిని పులియబెట్టుదురు. పులిసిన నీటిని కాచినచో, నీటికంటె ముందుగా, సుమారు 78 డిగ్రీల వేడికే మరుగు సారము ఆవిరియై పైకి లేచును. ఆ ఆవిరిని చల్లార్చి మరల ద్రవముగా పట్టుదురు. ఐర్లండువారు సాధారణముగా ఈ పనిని మూడుమారులు చేయుదురు. అటు పిమ్మట కొయ్యపీపాలలో కనీసము మూడు సంవత్సరములు నిలువ ఉంచనిదే దానిని విస్కీ అనరాదని అచ్చటి చట్టము. నిలువలో ఏటేట నూటికి ఇంచుమించు రెండువంతులు ఆవిరైపోవును. దానిని వారు దేవదూతల వాటా అని అందురు.

ఆ కట్టడములో మేము ఎక్కువసేపు నిలిచి చూచినది మాత్రము రాగి పాత్రను కాదు. ఇత్తడి చట్రములో అద్దములు బిగించి, తాళము వేసిన పెట్టె ఒకటి ఈ బట్టీలలో ఉండును. కాచిన సారము దాని గుండ ప్రవహించును. తయారుచేయువాడు అద్దములోనుండి చూడవలసినదే కాని తన సరుకును తాను ముట్టరాదని పూర్వపు నియమము. తాళపుచెవి ఆ కాలమున సుంకపు అధికారి యొద్ద ఉండెడిది. ఈ పరిశ్రమ చరిత్ర యంతయు ఆ తాళములో ఉన్నదని మాకు తోచినది.

ఐర్లండులో సారాయిపై సుంకము 1661లోనే వచ్చినది. 1779లో ఒక క్రొత్త పద్ధతి పెట్టిరి. ఎంత సారము తీసిరని కాక, పాత్ర ఎంత పెద్దది, అది నెలకు ఎన్నిమారులు కాగగలదు అని లెక్కగట్టి పన్ను వేసిరి. కాచినను కాచకున్నను పన్ను తప్పదు. చిన్నపాత్రవాడు తట్టుకొనలేకపోయెను. 1779లో 1,228గా ఉన్న అనుమతి పొందిన బట్టీలు 1790 నాటికి 246 అయినవి. 1821 నాటికి 32 మాత్రమే మిగిలినవి. 1785లో మొలకెత్తించిన బార్లీపై పన్ను వేయగా, దానిని తప్పించుకొనుటకు మొలకెత్తని గింజలను కలుపుట పెరిగినది. నేడు రసికులు మెచ్చుకొను ఐరిష్ రుచి కొంతవరకు ఆ పన్ను పుట్టించిన రుచియే. 1823లో పన్నుల పద్ధతిని మార్చి సుంకమును తగ్గించిరి. పెద్ద పెట్టుబడికి దారి ఏర్పడినది. రెండేండ్లకే మర్ఫీ సోదరులు మిడిల్టనులో పని ప్రారంభించిరి.

మూతపడిన చిన్న పాత్రల మాట ఏమి? అవి మూతపడలేదు, కొండలలోనికి పోయి దాగినవి. ఆ దొంగసారాయిని ఐరిష్ భాషలో పొచీన్ అందురు. చిన్న కుండ అని దాని అర్థము. అది ఎవరిదో తేలనిచో ఊరిమీదనే జరిమానా వేసిన రోజులు కూడ కలవు.

ఇచ్చట నిలిచి మన దేశమువైపు తిరుగుదము. ఐరిష్ భాషలో విస్కీకి మూలమైన మాటకు జీవజలము అని అర్థము. మన ఆబ్కారీ అను మాటలోని ఆబ్ అను పారసీక పదమునకును నీరనియే అర్థము. అచ్చటను ఇచ్చటను ఆ నీటిపై ప్రభువులకు మక్కువ ఎక్కువ. మన అడవులలో ఇప్పపూవు రాలిన కాలమున దానిని ఎండబెట్టి, పులియబెట్టి, కుండమీద కుండ పెట్టి సారము తీయుట అనాదిగా వచ్చిన గృహకృత్యము. పండుగకును, పెండ్లికిని, పితృదేవతలకును అది కావలెను. నిజాము రాజ్యమునందును, మద్రాసు రాజధానియందును ఆబ్కారీ పేరిట ఈ హక్కులను గుత్తకు ఇచ్చిరి. ఇంటి కుండ నేరమైనది. గుత్తదారు దుకాణము చట్టమైనది.

దీని ఫలితము గోదావరి మన్యమున 1879లో కనుపించినది. రంపదేశపు కొండప్రజలు తమ చెట్లనుండి తాము కల్లు గీచుకొనుటకు చిగురుపన్ను చెల్లించవలసి వచ్చెను. దానికి తోడు ఆబ్కారీ గుత్తదారులు మీదపడిరి. ప్రజలు తిరుగబడిరి. అల్లూరి సీతారామరాజు విప్లవమునకు నలుబదిమూడేండ్లకు పూర్వము జరిగిన ఈ తిరుగుబాటునకు కల్లుపై పన్ను ఒక ముఖ్యకారణము. ఐర్లండు కొండలలోని చిన్న కుండయు, రంప కొండలలోని కల్లుకుండయు ఒకే కథను చెప్పుచున్నవి. ఇంటివస్తువును ఖజానావస్తువుగా మార్చిన కథ అది.

అయితే కథ అంతటితో ముగియదు. కుండ పక్షమున ఎంత చెప్పినను, త్రాగుడు వలన కూలిన సంసారముల పక్షమున కూడ చెప్పవలెను. మిడిల్టనుకు సమీపముననే, కార్క్ నగరములో, 1838లో ఫాదర్ మాథ్యూ అను మతగురువు మద్యము ముట్టమని ప్రజలచేత ప్రమాణము చేయించు ఉద్యమము ప్రారంభించెను. కొలది సంవత్సరములలో లక్షలాది జనులు ప్రమాణము చేసిరి. బట్టీకి కూతవేటు దూరమున అని చెప్పదగినంత దగ్గరలోనే ఈ రెండును పెరిగినవి. నేటికిని కార్క్ ప్రధానవీధిలో ఆయన కాంస్యవిగ్రహము నిలిచి ఉన్నది.

మన నాట ఆ పని చేసినది మతగురువులు కారు. అక్షరములు దిద్దుకొనుచున్న ఇల్లాండ్రు. నెల్లూరు జిల్లా దూబగుంట గ్రామమున వయోజన విద్యాకేంద్రములో చదివిన ఒక పాఠము, సారా వలన చెడిన సంసారమును గూర్చినది, వారిని కదలించెను. 1992 నాటికి ఆ ఉద్యమము జిల్లాను దాటి రాష్ట్రమంతట వ్యాపించినది. సారా వేలముపాటలను స్త్రీలు అడ్డగించిరి. 1993 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సారాను నిషేధించెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది; 1997లో అది సడలిపోయినది. ఖజానా తాళపుచెవి మరల తన పెట్టెను వెదకుకొన్నది.

మిడిల్టనులో రాగి పాత్రను చూచితిమి, చక్రమును చూచితిమి, తాళమును చూచితిమి. ఇంత కష్టపడి పాతవస్తువులను కాపాడుకొనుట మెచ్చదగినదే. కాని గెలిచినవాని పాత్ర మాత్రమే ప్రదర్శనశాలకు చేరును. పన్ను కట్టలేనివాని కుండకు అచ్చట పీట లేదు. ఆ కుండ కొరకు కూలిడబ్బు పోగొట్టుకొనిన ఇంటికి అసలే లేదు. చరిత్ర అనగా ఈ మూడింటిని ఒకచోట పెట్టి చూచుటయే అని మా అభిప్రాయము.

మరునాడు అవ్వ వచ్చినపుడు ఇదంతయు ఆమెకు చెప్పితిమి. ఆమె చాలసేపు విని, "మా ఊళ్ల మేం ఆడోళ్లం పగలగొట్టిన కుండలు గూడ పెట్టిండ్రా సారూ ఆడ?" అని అడిగినది.

లేవని చెప్పితిమి. అవ్వ మరి నవ్వలేదు. "పెట్టాలె" అని, చెంబు ఎత్తుకొని నాచారము వైపు సాగిపోయినది.