చూడని గాలిలోకి దిగేదెలా?



మా పెనుగంచిప్రోలు పక్కనే మునేరు పారుతుంది. నా చిన్నతనంలో మా అమ్మమ్మ ఏరు దాటేటప్పుడు ముందు కర్ర దించి లోతు చూసుకుని, ఆ తర్వాతే అడుగు వేసేది. పోయినేటి లోతు ఈ ఏడు ఉండదే అనేది.

మరి కర్ర అందనంత దూరాన, ఎవరూ చూడని గ్రహం మీది గాలిలోకి నౌకను దింపాలంటే? అక్కడ కర్ర పని లెక్క చేయాలి. కిందికి పోయేకొద్దీ గాలి ఎంత చిక్కబడుతుందో శాస్త్రజ్ఞులు ముందుగా అంచనా వేస్తారు. నౌక బరువు, ఆకారం, వేగం అందులో కలిపి, ఏ ఎత్తులో ఎంత వేడెక్కుతుంది, పారాచూట్ ఎప్పుడు విప్పాలి, గోడలు ఎంత గట్టిగా ఉండాలి అని తేలుస్తారు. గాలి అంచనా తప్పిందా, తక్కినదంతా తప్పినట్టే.

శుక్రగ్రహం దగ్గర జరిగింది అదే. 1967 అక్టోబరు 18న సోవియట్ వారి వెనేరా-4 అక్కడి గాలిలోకి దిగింది. మరో గ్రహపు గాలిలో నుంచి కబురు పంపిన మొదటి నౌక అదే. 262 డిగ్రీల వేడి, మన గాలికి 22 రెట్ల ఒత్తిడి ఉన్నాయని చెప్పి మూగబోయింది. నేల తాకిందనే అనుకున్నారు. మర్నాడు శుక్రుడి పక్కగా సాగిపోయిన అమెరికావారి మారినర్-5 కొలతలతో పోల్చి చూస్తే, నేల ఇంకా ఎంతో కిందే ఉన్నదని తేలింది!

1969 మే నెలలో వెనేరా-5, వెనేరా-6 అక్కడికి చేరాయి. త్వరగా దిగాలని వాటికి చిన్న పారాచూట్లు కట్టారు. అవీ నేల చేరకముందే ఆగిపోయాయి.

అప్పుడు వెనేరా-7ను 180 రెట్ల ఒత్తిడికి తట్టుకునేలా కట్టారు. 1970 డిసెంబరు 15న దిగేటప్పుడు దాని పారాచూట్ చెడి, నౌక వేగంగా పడింది. అయినా నేల మీది నుంచి 23 నిమిషాలపాటు సన్నగా కబురు పంపింది. అక్కడి వేడి 475 డిగ్రీలు. ఒత్తిడి సుమారు 90 రెట్లు అని తేలింది. మన ప్రెషర్ కుక్కర్ కూత వేసేటప్పుడు లోపల ఉండేది సుమారు రెండు రెట్లేనండీ!

మనవాళ్లూ ఈ విద్య నేర్చారు. అయితే అది మన భూమి గాలిలోనే. 2007 జనవరి 10న శ్రీహరికోట నుంచి పైకి పంపిన 550 కిలోల పెట్టె 12 రోజులు భూమిని చుట్టి, జనవరి 22న బంగాళాఖాతంలో క్షేమంగా దిగింది. సెకనుకు 8 కిలోమీటర్ల వేగంతో వచ్చేదాన్ని గాలి రాపిడి, పారాచూట్లు కలిసి నెమ్మదింపజేశాయి. వేడి తగలకుండా ప్రత్యేకమైన పెంకులు కాపాడాయి.

చుట్టాలు ఎందరొస్తారో తెలియనప్పుడు మనం ఎసట్లో రెండు గుప్పెళ్లు ఎక్కువే పోస్తాం కదా. వెనేరా-7ను కాపాడింది ఆ జాగ్రత్తే. తప్పు తెలిశాక లెక్క దిద్దుకున్నారు. దిద్దిన లెక్కనూ పూర్తిగా నమ్మక, కాస్త ఎడం ఉంచుకున్నారు. మా అమ్మమ్మ కర్ర చెప్పిన పాఠమూ ఇదే.