కూల్చడం వేరు, విప్పడం వేరు

పాత కట్టడాన్ని ఉంచాలా, తీసెయ్యాలా? మా వరంగల్ ఈ ప్రశ్నకి ఈ మధ్యకాలంలోనే రెండు వేర్వేరు సమాధానాలు చెప్పింది.

మొదటిది హన్మకొండ వేయిస్తంభాల గుడి. 1163లో కాకతీయ రుద్రదేవుడు కట్టించాడు. గుడికి ఎదురుగా, నందికి అవతల కల్యాణ మండపం ఉంటుంది. దాని పునాది కుంగి స్తంభాలు ఒరిగిపోయాయి. పైపైన అతుకులు వేస్తే సరిపోయే జబ్బు కాదది. అందుకే పురావస్తు శాఖ వాళ్ళు 2006లో మండపాన్ని విప్పేశారు. కూల్చలేదండోయ్, విప్పారు! ఒక్కో రాయికీ నంబరు వేసి పక్కన పెట్టారు. కాకతీయుల పద్ధతిలోనే మళ్ళీ ఇసుక పునాది వేశారు. దాన్ని శాండ్‌బాక్స్ అంటారు (మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ శాండ్‌బాక్స్ వేరే లెండి). బరువు ఒకచోటే పడకుండా నేలంతా సర్దడం దాని పని.

ఇదంతా అయ్యేసరికి 18 ఏళ్ళు పట్టింది. నేను నాలుగో క్లాసులో ఉండగా విప్పిన మండపం, ఉద్యోగంలో చేరాక 2024 మార్చి 8న, శివరాత్రి రోజు తెరుచుకుంది. మధ్యలో ఎవరు గుడికెళ్ళినా రాళ్ళ కుప్పలు చూసి "ఇక ఇది లేవదు" అనుకుంటూ వచ్చేవాళ్ళే.

రెండోది సెంట్రల్ జైలు. 19వ శతాబ్దం చివర్లో, నిజాం కాలంలో కట్టింది. 2021 జూన్‌లో ఖైదీలను వేరే జైళ్ళకి పంపించి, వారాల్లోనే నేలమట్టం చేశారు. ఆ స్థలంలో 24 అంతస్తుల ఆస్పత్రికి అదే నెల 21న శంకుస్థాపన జరిగింది.

జైలూ గుడీ ఒకటేనా అని మీరు అడగొచ్చు. కాదు. ఆస్పత్రి అవసరం లేదని కూడా నేననను. అన్నీ దాచుకుంటూ పోతే బతికున్నవాళ్ళకి చోటుండదు. కానీ ఒక తేడా చూడండి. విప్పినదాన్ని ఆలస్యంగానైనా నిలబెట్టుకోవచ్చు. కూల్చాక "తప్పు చేశామేమో" అనుకున్నా చేసేదేం లేదు. బ్యాకప్ తీయకుండా డిలీట్ కొట్టినట్టే.

మా తాత కట్టిన గూనపెంకుల ఇంటి మీద ఇప్పుడు మా ఇంట్లో ఇదే పంచాయితీ. నాన్న పడగొట్టి మూడంతస్తులు వేద్దామంటాడు, బాబాయి రిపేరు చేయిద్దామంటాడు. నేను అడిగేది ఒకటే: జబ్బు పైకప్పులో ఉందా, పునాదిలో ఉందా? కప్పుదైతే పెంకులు మార్చి, పుచ్చిన వాసాలు తీసేస్తే చాలు. పునాదిదైతే విప్పక తప్పదు. అప్పుడైనా ముందు కొలతలు తీసుకుని, ఫోటోలు తీసి, టేకు దర్వాజాలకీ దూలాలకీ నంబర్లు వెయ్యాలి. కొత్తింట్లో అవి మళ్ళీ పనికొస్తాయి.

మండపాన్ని కాపాడింది ఆ రాళ్ళ మీది నంబర్లే అని నా నమ్మకం. ఏ రాయి ఎక్కడిదో రాసి ఉంది కాబట్టే 18 ఏళ్ళ తర్వాత కూడా పని పూర్తిచెయ్యగలిగారు. జేసీబీని పిలిచే ముందు ఆ మాత్రం లెక్క రాసుకోవడానికి మనకి ఒక వారం దొరకదా?