పాతిపెట్టిన భాష, ఎర్రసిరా

అమెరికాలో టెక్సాస్ రాష్ట్రపు పడమటి దిక్కున మార్ఫా అని ఒక చిన్న ఊరున్నది. అక్కడ బ్లాక్‌వెల్ అనే బడి ఉండేది. మెక్సికో సంతతి పిల్లలను తెల్లవారి పిల్లలతో కలవనీయక 1909 నుండి 1965 దాకా ఆ బడిలోనే వేరుగా చదివించారు. 1954లో ఆ బడి ఆవరణలో ఒక అంత్యక్రియ జరిగింది. పిల్లల చేత చీటీలు వ్రాయించి, వాటిని పెట్టెలో పెట్టించి, గొయ్యి తీసి పాతించారు. ఆ పెట్టెలోని వ్యక్తికి 'మిస్టర్ స్పానిష్' అని పేరు. అనగా ఆ పిల్లల మాతృభాష. కర్మకాండ జరిపించినది ఉపాధ్యాయులే.

ముప్పై నాలుగేళ్ళు తెలుగు పండితుడిగా పనిచేసినవాడిని. ఈ సంగతి చదివినప్పుడు నాకు మొదట కోపం వచ్చింది, తరువాత సిగ్గు కలిగింది. ఆ సిగ్గు ఎందుకో చివర విన్నవిస్తాను.

స్పానిష్ అమెరికాకు నిన్న మొన్న వలస వచ్చిన భాష అని మనలో చాలామంది అనుకుంటాము. అది నిజము కాదు. ఆంగ్లేయులు జేమ్స్‌టౌన్‌లో స్థిరపడినది 1607లో. అంతకు తొమ్మిదేళ్ళ ముందే, 1598లో, న్యూ మెక్సికోలో స్పానిష్ వారు ఊరు కట్టుకున్నారు. మెక్సికోతో యుద్ధం ముగిసి 1848లో గ్వాదలూపె ఇదాల్గొ సంధి కుదిరినప్పుడు ఆ ప్రాంతాలన్నీ అమెరికా వశమయ్యాయి. తాము సరిహద్దు దాటలేదనీ, సరిహద్దే తమను దాటిందనీ అక్కడివారు చెప్పుకొనే మాట అక్షరసత్యం.

1912లో రాష్ట్రమైన న్యూ మెక్సికో, స్పానిష్ పిల్లలకు బోధించే ఉపాధ్యాయులకు రెండు భాషలలోను శిక్షణ ఇవ్వాలని తన రాజ్యాంగంలోనే వ్రాసుకున్నది. పక్కనున్న టెక్సాస్ 1918లో బడులలో ఇంగ్లీషు తప్ప వేరొక భాషలో పాఠం చెప్పడం నేరమన్నది. ఇరుగుపొరుగు రాష్ట్రాలకే ఇంత భేదం!

ఇక్కడ ఒక ఉపాధ్యాయుని కథ చెప్పాలి. 1928లో టెక్సాస్‌లోని కొటుల్లా అనే ఊరిలో మెక్సికో సంతతి పేదపిల్లల బడికి ఒక యువకుడు పంతులుగా వచ్చాడు. తొలి జీతంతో పిల్లలకు ఆటవస్తువులు కొన్న దయాళువు. అయితే ఆటస్థలంలో సైతం ఇంగ్లీషే మాట్లాడాలని నియమం పెట్టినవాడు కూడా ఆయనే. ఆయన పేరు లిండన్ జాన్సన్. నలభై యేళ్ళ తరువాత దేశాధ్యక్షుడుగా 1968 జనవరి 2న ద్విభాషా విద్యాచట్టంపై సంతకం చేసిన చేయీ ఆ చేయే.

ఆ చట్టం వలన పిల్లల భాషకు బడిలో అడుగుపెట్టే దారి దొరికింది. 1974లో శాన్‌ఫ్రాన్సిస్కో చైనా పిల్లల వ్యాజ్యంలో సుప్రీం కోర్టు మరొక అడుగు ముందుకు వేసింది. అర్థం కాని భాషలో అందరికీ అవే పుస్తకాలు, అదే పంతులును ఇచ్చి దానిని సమానత్వం అనరాదని ఆ తీర్పు సారాంశం. కాని చట్టం దృష్టిలో ఇంటిభాష ఒక లోపమే. ఇంగ్లీషు ఒడ్డు చేరగానే విడిచిపెట్టవలసిన పడవ. అందుకే దాని గతి గాలివాటంగా సాగింది. 1998లో కాలిఫోర్నియా ఓటర్లు ద్విభాషా బోధనను చాలావరకు త్రోసివేశారు. 2016లో మళ్ళీ ఓటు వేసి ఆ ఆంక్షలను తామే తొలగించారు. 1968 నాటి చట్టం 2002లో కాలం చేసింది. నాలుగు కోట్లమందికి పైగా ఇండ్లలో స్పానిష్ మాట్లాడుతున్న దేశంలో 2025 మార్చిలో ఇంగ్లీషే అధికారభాష అని అధ్యక్షుని ఉత్తర్వు వెలువడింది.

ఇంతవరకు ఇది మొదటి దెబ్బ. రెండవది దీనికంటె సూక్ష్మమైనది.

బడిలోకి స్పానిష్ వచ్చింది సరే, ఏ స్పానిష్? క్యూబా, ప్యూర్టోరికోల వారు పదాంత సకారాన్ని మింగుతారు. ఎల్ సాల్వడార్ వారు 'నీవు' అనడానికి 'వోస్' అంటారు, మెక్సికో వారు 'తూ' అంటారు. న్యూ మెక్సికో పల్లెలలో 'తెచ్చాను' అనడానికి 'త్రూహె' అంటారు, 'అలాగ' అనడానికి 'అసీనా' అంటారు. పాఠ్యపుస్తకంలో ఉండేవి 'త్రాహె', 'అసీ'. కనుక స్పానిష్ తరగతిలోనే స్పానిష్ ఇంటిపిల్లవాడికి తప్పులు పడ్డాయి. నిజానికి 'త్రూహె' తప్పుమాట కాదు. సెర్వాంటెస్ తన డాన్ కిహోటేలో వాడిన పాతరూపమే. మహాకవి వ్రాస్తే ప్రాచీనప్రయోగం, పల్లెపిల్లవాడు పలికితే అపభ్రంశం! అటు ఇంగ్లీషు పంతులు నోరు మూయించాడు, ఇటు స్పానిష్ పంతులు 'నీది స్పానిషే కాదు' అన్నాడు. టెక్సాస్ సరిహద్దున పుట్టిన గ్లోరియా అన్సల్దువా 1987లో వెలువరించిన 'బోర్డర్‌లాండ్స్' గ్రంథంలో ఈ రెండు అవమానాలనూ చెప్పుకున్నది. గ్వాదలూపె వల్దేస్ వంటి విద్యావేత్తలు ఇంటిభాషగా స్పానిష్ వచ్చిన పిల్లలకు బోధన వేరుగా ఉండాలని దశాబ్దాలుగా వాదిస్తూనే ఉన్నారు.

ఇక నా సిగ్గు సంగతి. నేను నల్లగొండ జిల్లా వాడిని. ఉద్యోగంలో చేరిన కొత్తలో తొమ్మిదవ తరగతి పిల్లవాడొకడు వ్యాసంలో 'ఆ ముచ్చట మా నాయనకు ఎరుక లేదు' అని వ్రాశాడు. ఎర్రసిరాతో 'ఎరుక' కొట్టివేసి 'తెలియదు' అని దిద్దాను. అదే వారంలో పద్యపాఠం చెబుతూ 'ఎఱుక' ఎంత చక్కని తెలుగుమాటో అరగంట వివరించాను. రెండూ ఒకే మాట అని నాకు తట్టనే లేదు. అది మా అమ్మ మాట కూడాను. ఆ పిల్లవాడి వ్యాసాలు ఆ తరువాత నానాటికీ చిన్నవై, తప్పులు లేనివై, చివరకు ప్రాణం లేనివయ్యాయి. నేను వానికి మంచి మార్కులే వేశాను.

శవర పిల్లలకు శవర భాషలోనే చదువు చెప్పించిన గిడుగు రామమూర్తి గారి పేరు పండిత శిక్షణలో భక్తితో వల్లించినవాళ్ళమే. తరగతి గదిలోకి మాత్రం ఆయనను రానీయలేదు.

ప్రామాణిక భాష అక్కరలేదని నేననను. పదిమందికీ తెలియవలసిన మాటలకు అది కావాలి. అయితే దానిని ఇంటిమాట ప్రక్కన చేర్చాలి గాని, ఇంటిమాటను చెరిపి ఆ చోట వ్రాయరాదు.

మార్ఫా పూర్వవిద్యార్థులు 2007లో మళ్ళీ ఆ ఆవరణలో చేరి స్పానిష్ నిఘంటువును నేలలోనుండి పైకి తీసే వేడుక జరుపుకున్నారు. ఆ బడిని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించే చట్టం 2022లో వచ్చింది. వారికి తవ్వడానికి ఒక చోటైనా ఉన్నది. నేను కొట్టివేసిన మాటలున్న నోటు పుస్తకాలు ఏనాడో చిత్తుకాగితాలలో కలిసిపోయాయి.

అమెరికాలోని తెలుగు బడులలో పాఠాలు చెప్పే మిత్రులకు ఒక మనవి. మీ తరగతికి కరీంనగరు మాటతోనో, కడప మాటతోనో, శ్రీకాకుళం మాటతోనో ఒక పిల్ల రావచ్చును. దిద్దేముందు ఆ మాట ఎక్కడిదో ఆ పిల్లనే అడగండి. మా అమ్మమ్మ మాట అని అంటే, కలం ప్రక్కన పెట్టండి.

స్వస్తి.